సాతేనా, వేపుడా? ముందు మాంసం చూసి ఎంచుకోండి

అరకిలో బీఫ్ చేతిలో పెట్టుకుని "దీంతో సాతే చేద్దామా, థాయ్ వేపుడు చేద్దామా" అని ఆలోచించేవాళ్లు తక్కువ. ఎక్కువమంది వంట ముందే ఖాయం చేసుకుని, కొట్లో ఏ ముక్క దొరికితే అది తెచ్చి, మసాలా మాత్రం కొలిచి మరీ వేస్తారు. మసాలా బాగానే కుదురుతుంది, ముక్క మాత్రం నమిలినకొద్దీ సాగుతుంది. సాతే అంటే మసాలా పట్టించిన మాంసాన్ని పుల్లకు గుచ్చి కాల్చే ఆగ్నేయాసియా వంటకం. అలా కాల్చినా, పెద్దమంట మీద వేయించినా ముక్క మంట మీద ఉండేది అయిదారు నిమిషాలే. అంతలో మెత్తబడని మాంసం ఇక మెత్తబడదు. మన కూరల్లాగా గంటసేపు ఉడికి తనే సర్దుకునే వీలు ఇక్కడ లేదు. అందుకే ఎంపిక మాంసంతో మొదలవ్వాలి.

మీ చేతికొచ్చింది ఏ మాంసం?

హైదరాబాద్‌లో పెద్దకూర అన్నా, కోస్తా ఊళ్లలో బీఫ్ అన్నా కొట్లో దొరికేది దాదాపుగా గేదె, దున్న మాంసమే. ఆవును కోయడం 1977 నాటి చట్టం ప్రకారం రెండు రాష్ట్రాల్లోనూ నిషేధం. గేదె మాంసం ముదురెరుపుగా ఉంటుంది. కొవ్వు తెల్లగా, కండకు పైన విడిగా ఉంటుంది తప్ప కండలోపల చారలు చారలుగా కనపడదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవాళ్లకు దొరికే బీఫ్‌లో ఆ చారలుంటాయి. మంట మీద అవి కరిగి ముక్కను తడిగా ఉంచుతాయి. గేదె మాంసానికి ఆ సాయం లేదు కాబట్టి పలుచగా కోయడం, నూనె పట్టించడం, మంట మీద తక్కువసేపు ఉంచడం తప్పనిసరి.

అయితే గేదె మాంసంతో అసలు రుచి రాదేమో అన్న బెంగ అక్కర్లేదు. మలేసియాలో అమ్ముడయ్యే ఫ్రోజెన్ బీఫ్‌లో పెద్ద వాటా మన దేశం నుంచి వెళ్లే గేదె మాంసమే. ఇండోనేసియా కూడా 2016 నుంచి దిగుమతి చేసుకుంటోంది. అక్కడి ఇళ్లలో కుదిరే వంట ఇక్కడా కుదురుతుంది.

కొట్లో అడగాల్సిన పేర్లు మూడు. వెన్ను లోపలివైపు ఉండే మెత్తని కండ కావాలంటే అండర్‌కట్. తొడ కండ పలుచగా కావాలంటే పసందా. లేదంటే ఖీమా. పసందా అడిగితే కొందరు కత్తి వెనకతో కొట్టి ఇస్తారు, అలా వద్దని ముందే చెప్పండి. కొట్టిన ముక్క పుల్ల మీద చిరిగి నిప్పుల్లో పడుతుంది. విదేశాల్లో అయితే అండర్‌కట్‌కు టెండర్‌లాయిన్, సాతేకు సిర్లాయిన్ గానీ ఫ్లాంక్ గానీ, ఉడికించి చేసే రకాలకు చక్ తీసుకోవచ్చు.

ఇంటికి తెచ్చాక ఒక పరీక్ష చేయండి. అగ్గిపెట్టెలో సగమంత ముక్క, చిటికెన వేలు మందంలో కోసి, బాగా కాలిన పెనం మీద నూనె చుక్క వేసి రెండు వైపులా నిమిషం చొప్పున కాల్చి, ఉప్పు చల్లి నమలండి. పదిసార్లు నమిలేలోపు విడిపోయిందంటే దాన్ని ఘనాలుగా కోసి చేసే కంబోడియా లోక్ లాక్‌కు ఉంచండి, సాతేకు వాడటం దండగ. నలుగుతోంది గానీ పట్టు వదలడం లేదంటే సాతేకో, పలుచని పట్టీల వేపుడుకో సరిపోతుంది. రబ్బరులా వెనక్కి తన్నుతోందంటే రెండే దారులు: ముందే ఉడికించి కాల్చే పదాంగ్ సాతే, లేదా చేత్తో తరిగిన ఖీమాతో థాయ్ కప్రావ్. రెండు నిమిషాల ఈ పరీక్ష ఏ మసాలాకన్నా ఎక్కువ పనికొస్తుంది.

ఏ రకానికైనా పోగుకు అడ్డంగా కోయాలి. ముక్కను వెలుతురులో పట్టుకుంటే దారాల్లాంటి గీతలు ఒకే దిక్కుకు కనిపిస్తాయి, కత్తి వాటిని తెంపుతూ వెళ్లాలి. పసందా పరిచి చూసుకుని, గీతలకు అడ్డంగా పట్టీలు తీయండి. మాంసాన్ని ఫ్రీజర్‌లో 30–40 నిమిషాలు ఉంచితే బయట గట్టిపడి, 3 మిల్లీమీటర్ల పలుచదనం ఇంటి కత్తితోనే వస్తుంది.

సోడానా, బొప్పాయా?

మెత్తబరచడానికి మన వంటింట్లో ఉన్నవి రెండు: తినేసోడా, పచ్చి బొప్పాయి. ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే పని చెడుతుంది.

సోడా వేపుడుకు. పావుకిలో పలుచని ముక్కలకు పావు టీస్పూన్ సోడా, టేబుల్‌స్పూన్ నీళ్లు కలిపి పట్టించి 15–20 నిమిషాలు ఉంచండి. మాంసం పైభాగం కాస్త క్షారంగా మారడంతో వేడి తగిలినప్పుడు పోగులు గట్టిగా ముడుచుకోవు, నీరు లోపలే నిలుస్తుంది, రంగూ త్వరగా తిరుగుతుంది. తర్వాత రెండుసార్లు కడిగి, పిండి, బట్టతో అద్దాలి. కడగకపోతే సబ్బు రుచి. కడిగి అద్దకపోతే మూకుట్లో వేయించడం కాస్తా ఉడికించడం అవుతుంది. సోడా పని పూర్తయ్యాకే మసాలా పట్టించాలి. చింతపండు, నిమ్మరసం కలిపిన మసాలాలో సోడా వేస్తే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి.

బొప్పాయి సాతేకు. హైదరాబాదీ కబాబుల్లో వాడినట్టే, తొక్కతో నూరిన పచ్చి బొప్పాయి ముద్ద అరకిలోకు రెండు టీస్పూన్లు చాలు. పలుచని ముక్కలకు గంటకు మించి వద్దు. బొప్పాయిలోని పపైన్ మాంసకృత్తులను తెంపుతూనే పోతుంది, 50–70 డిగ్రీల వేడిలో అయితే ఇంకా జోరందుకుంటుంది. రాత్రంతా నానబెడితే పైపొర పిండిలా అయి పుల్ల నుంచి జారిపోతుంది. కాబట్టి మసాలా రాత్రే పట్టించినా, బొప్పాయి మాత్రం కాల్చబోయే గంట ముందు కలపండి. బొప్పాయి పట్టించిన ముక్కను వేపుడులో వేస్తే ఆ మెత్తని పొర మూకుడుకు అంటుకుని మాడుతుంది.

అండర్‌కట్‌కు రెండూ అక్కర్లేదు.

పుల్లలకు గుచ్చేవి: నాలుగు రకాలు

సాతే అంటే పల్లీల సాస్ అనుకోవడం మలేసియా, థాయ్ హోటళ్ల వల్ల వచ్చిన అలవాటు. ఇండోనేసియాలోనే పల్లీ లేని సాతేలు ఎన్నో ఉన్నాయి. మొదటిసారి చేసేవాళ్లకు వాటిలో ఒకటే తేలిక.

అది పశ్చిమ జావాలోని పుర్వకర్త ఊరి మరంగి సాతే. ఇందులో రుచంతా నానబెట్టే మసాలాలోనే ఉంటుంది, విడిగా సాస్ వండే పని లేదు. పల్లీ పడనివాళ్లున్న ఇంట్లోనూ ఇబ్బంది లేదు. పైగా మనకు కొత్త సరుకులు దాదాపు అక్కర్లేదు. అరకిలో మాంసానికి వేయించి దంచిన ధనియాల పొడి ఒకటిన్నర టేబుల్‌స్పూన్, సాంబారు ఉల్లిపాయలు అయిదు, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, రెండంగుళాల అల్లం, తాటిబెల్లం తురుము మూడు టేబుల్‌స్పూన్లు, చిక్కటి చింతపండు రసం ఒక టేబుల్‌స్పూన్, తీపి సోయా సాస్ (చేసే పద్ధతి చివర్లో ఉంది) రెండు టేబుల్‌స్పూన్లు, ఉప్పు ఒక టీస్పూన్. రెండు నుంచి నాలుగు గంటలు నాననివ్వండి. పక్కన పచ్చి టమాటా, పచ్చిమిర్చి, ఉల్లి సన్నగా తరిగి ఉప్పు, నిమ్మరసం కలిపిన సంబల్. బెల్లం ఎక్కువ కాబట్టి మాడే ప్రమాదం నాలుగింటిలోనూ దీనికే ఎక్కువ. మంట మీద రెప్ప వేయకూడదు.

మలేసియాలో సెలంగోర్ రాష్ట్రంలోని కజాంగ్ పట్టణం సాతేకు పేరుమోసింది. పసుపు, నిమ్మగడ్డి, ధనియాలు, జీలకర్ర, సోంపు కలిసిన పసుపుపచ్చని ముక్కలు, పక్కన పల్లీ సాస్, విడిగా మిరప ముద్ద, కీరా, పచ్చి ఉల్లి, ఆకులో ఉడికించిన బియ్యపు ముద్ద. విందుకు ఇదే బాగుంటుంది, పని కూడా దీనికే ఎక్కువ. అరకిలోకు సాంబారు ఉల్లి 100 గ్రాములు, నిమ్మగడ్డి మూడు కాడలు, అల్లం, గాలంగల్ (అల్లం లాంటి దుంప) అంగుళం చొప్పున, ధనియాలు టేబుల్‌స్పూన్, జీలకర్ర, సోంపు టీస్పూన్ చొప్పున, పసుపు ఒకటిన్నర టీస్పూన్లు, చక్కెర రెండు టేబుల్‌స్పూన్లు, ఉప్పు టీస్పూన్ పైచిలుకు, నూనె రెండు టేబుల్‌స్పూన్లు. నిమ్మగడ్డిలో అడుగున తెల్లగా ఉండే జానెడులో సగం మాత్రమే నూరాలి. పైన ఆకుపచ్చ భాగం ఎంత నూరినా నారే. ఆ పైభాగాన్ని పారేయకండి. చివర చితక్కొడితే కుంచెలా అవుతుంది, దాంతోనే కాలుతున్న ముక్కలకు నూనె, కొబ్బరిపాలు అద్దాలి.

పల్లీ సాస్ మన పల్లీ చట్నీలా మారిపోవడం మామూలుగా జరిగే తప్పు. కారణం రెండు. పల్లీలను మెత్తగా రుబ్బడం ఒకటి, మసాలాను సరిగ్గా వేయించకపోవడం రెండోది. 150 గ్రాముల పల్లీలు దోరగా వేయించి, పొట్టు తీసి, పలుకులు తగిలేలా దంచుకోండి. నానబెట్టిన ఎండుమిర్చి పది, సాంబారు ఉల్లి 80 గ్రాములు, వెల్లుల్లి మూడు రెబ్బలు, నిమ్మగడ్డి ఒక కాడ నూరి, నాలుగు టేబుల్‌స్పూన్ల నూనెలో సన్న సెగ మీద పది నిమిషాలు వేయించాలి. నూనె తేలాలి. మలయ్‌లో దీన్ని పెచా మిన్యాక్ అంటారు, మనం అనే నూనె తేలడమే అది. అప్పుడు పల్లీలు, 200 మిల్లీలీటర్ల నీళ్లు, 150 మిల్లీలీటర్ల కొబ్బరిపాలు, చింతపండు రసం టేబుల్‌స్పూన్, తాటిబెల్లం 40 గ్రాములు, ఉప్పు వేసి పది నిమిషాలు ఉడికితే ఎర్రటి నూనె మళ్లీ పైకొస్తుంది. చల్లారితే గట్టిపడుతుంది కాబట్టి కాస్త పలుచగా ఉండగానే దించాలి. ఒక రోజు ముందు చేసి పెట్టుకుంటే రుచి ఇంకా పెరుగుతుంది.

ముదురు మాంసం చేతిలో ఉంటే సుమత్రాలోని పదాంగ్ సాతే. అక్కడ నాలుక, గుండె కూడా వేస్తారు. మాంసాన్ని గుప్పెడంత ముద్దలుగానే పసుపు, అల్లం, గాలంగల్, నిమ్మగడ్డి, ధనియాలు, మిర్చి వేసిన నీళ్లలో ఉడికించి, చల్లారాక రెండు సెంటీమీటర్ల ముక్కలు కోసి, గుచ్చి, రంగు తిరిగేదాకా మాత్రమే కాలుస్తారు. కుక్కర్‌లో అయితే ఒక కూత వచ్చాక సన్న మంట మీద 20 నిమిషాలు. కత్తి మొన సులువుగా దిగాలి, ముక్క మాత్రం విడిపోకూడదు. ఇంకాస్త ఉడికితే పుల్ల గుచ్చగానే చీలుతుంది. మిగిలిన నీటిలో అరలీటరుకు మూడు టేబుల్‌స్పూన్ల బియ్యప్పిండి చల్లటి నీళ్లలో జారుగా కలిపి పోసి, తిప్పుతూ చిక్కబరిస్తే అదే సాస్. వేడి నీటిలో పొడిపిండి చల్లితే ఉండలే మిగులుతాయి. ఈ వంటలో పసుపు ఆకు కూడా పడుతుంది. దుగ్గిరాల, నిజామాబాద్ వైపు పసుపు పండించే ఊళ్లలో ఉన్నవాళ్లకు అదేమంత అపురూపం కాదు. ఉడకడం, కోయడం ముందురోజే అయిపోతుంది కాబట్టి చుట్టాలొచ్చిన రోజు మంట దగ్గర పని తక్కువ. గేదె మాంసానికి నాలుగింటిలో అన్నిటికన్నా నమ్మకమైనది ఇదే. మన దగ్గర దీని పేరు ఎక్కువగా వినపడకపోవడం విచిత్రమే.

నాలుగోది కంబోడియా వీధుల్లో రొట్టె, బొప్పాయి ఊరగాయతో తినే సాచ్ కో ఆంగ్. దాని ప్రాణం క్రుయెంగ్ అనే ముద్ద: నిమ్మగడ్డి, గాలంగల్, పచ్చి పసుపు, మక్రూట్ నిమ్మాకు, వెల్లుల్లి, ఉల్లి రోట్లో నూరినది. అందులో సగానికి సగం నిమ్మగడ్డే. తాజా నిమ్మగడ్డి దొరక్కపోతే దీని జోలికి వెళ్లొద్దు, ఎండు పొడితో ఆ వాసన రాదు.

మంట సంగతి

మన ఊళ్లలో సాయంత్రం బండి మీద చీకులు కాల్చే పెట్టె చూసే ఉంటారు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. సాతే పెట్టె కూడా అంతే. వెడల్పు 10–12 సెంటీమీటర్లకు మించదు, ఎందుకంటే వెదురుపుల్ల రెండు చివరలూ నిప్పుకు బయట ఉండాలి. ఇంటి బార్బెక్యూ వెడల్పుగా ఉంటుంది, అందుకే అందులో పుల్లలు కాలిపోతాయి. నీళ్లలో అరగంట నానబెట్టినా అయిదు నిమిషాల్లో ఆరిపోతాయి. దాని బదులు రెండు వరసల ఇటుకలు 12 సెంటీమీటర్ల ఎడంలో పేర్చి, మధ్యలో బొగ్గులు పోస్తే చాలు. పుల్లలు ఇటుకల మీద ఆనుతాయి, చివరలు బయటే ఉంటాయి.

బొగ్గు మీద బూడిద పొర కమ్మేదాకా ఆగండి. మాంసం ఉండే ఎత్తులో అరచెయ్యి పెడితే రెండు మూడు సెకన్లకు వెనక్కి తీసుకోవాలనిపించే వేడి సరైనది. ముక్క 20–25 గ్రాములకు మించకుండా, పుల్ల మధ్య భాగంలో ఖాళీ లేకుండా దగ్గర దగ్గరగా గుచ్చి, మధ్యలో ఒక కొవ్వు ముక్క పెడితే గేదె మాంసం ఎండిపోదు. ముక్కను నిలువుగా, కుట్టు వేసినట్టు రెండు చోట్ల గుచ్చాలి. ఒకే చోట గుచ్చితే పుల్ల తిరుగుతుంది, ముక్క తిరగదు. ఒక్కో వైపు రెండు నిమిషాలు, మళ్లీ తిప్పి నూనె అద్ది ఇంకో నిమిషం. అంచుల్లో నల్లటి చుక్కలు రావాలి, కండ మీద నలుపు రాకూడదు. కొవ్వు కారి మంట లేస్తే పుల్లలను పక్కకు జరపండి. నీళ్లు చల్లితే బూడిద ఎగిరి మాంసానికి పడుతుంది. ఇదంతా ఆరుబయటో డాబా మీదో. తలుపులేసిన ఇంట్లో బొగ్గు వెలిగిస్తే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

బొగ్గు కుదరనివాళ్లకు రెండో మంచి దారి ఇనుప పెనమే. ఓవెన్ కన్నా ముక్క మీద రంగు బాగా వస్తుంది. పుల్ల పెనం అంచుకు తగలకుండా పొట్టివి వాడండి. ఓవెన్ అయితే పైకాయిల్ ఒక్కటే వేసి, 250 డిగ్రీల్లో, కాయిల్‌కు 8–10 సెంటీమీటర్ల దూరంలో ఒకవైపు నాలుగు, మరోవైపు మూడు నిమిషాలు. ఎయిర్ ఫ్రయ్యర్‌లో 200 డిగ్రీల్లో ఎనిమిది నిమిషాలు, సగంలో తిప్పాలి. మెత్తగా బాగానే వస్తాయి, పొగ వాసన ఒక్కటే రాదు. ఆ లోటుకు హైదరాబాదీ ధుంగార్ పనికొస్తుంది: కాలిన సాతేలు గిన్నెలో పేర్చి, మధ్యలో చిన్న స్టీలు కటోరీలో ఎర్రటి నిప్పు పెట్టి, నూనె చుక్కలు వేసి మూడు నిమిషాలు మూత. అయిదు నిమిషాలు దాటితే చేదెక్కుతుంది. పుల్కా జాలీ మీద గ్యాస్ మంటకు నేరుగా పెట్టే ఆలోచన మాత్రం మానుకోండి. బెల్లం ముందు మాడుతుంది, కారే నూనె బర్నర్ రంధ్రాలు మూస్తుంది.

వేపుళ్లు: మూకుడు ఎంత, మాంసం అంత

హోటల్ పొయ్యి మంటలో మన గ్యాస్ స్టవ్ మంట చిన్న వంతు మాత్రమే. కాబట్టి వాళ్లలా కిలో ఒకేసారి వేయడం ఇంట్లో సాగదు. ఒక వాయికి 200–250 గ్రాములు, అంతే. ఇనుప మూకుడును ఖాళీగా పెద్దమంట మీద మూడు నాలుగు నిమిషాలు కాల్చి, నూనె పోస్తే సన్నని పొగ రావాలి. నాన్‌స్టిక్ అంత వేడికి పనికిరాదు, పూత చెడుతుంది.

మాంసం వేసినప్పటి శబ్దాన్ని వినండి. చుయ్ మంటూ ఆగకుండా వస్తుంటే బాగా వేగుతోంది. ఆ శబ్దం తగ్గి అడుగున బుడబుడలాడితే నీరు ఊరిందన్నమాట. అప్పుడు ఇంకా కలిపితే బూడిద రంగు ఉడుకుమాంసం మిగులుతుంది. వెంటనే ముక్కలు పళ్లెంలోకి తీసి, ఊరిన నీరు గిన్నెలోకి వంపి, మూకుడు మళ్లీ కాల్చి, సగం సగం వేసుకోండి. వంపిన నీరు చివర్లో సాస్‌తో కలిపి పోయవచ్చు, రుచంతా అందులోనే ఉంటుంది.

ఏ మాంసంతోనైనా చెడనిది థాయ్ ఫట్ కప్రావ్. కప్రావ్ అంటే మన తులసి జాతే. 250 గ్రాముల మాంసాన్ని కత్తితో బరకగా తరుక్కోండి. కొట్లో మిషన్‌లో వేసిన ఖీమా నీరు ఎక్కువ వదులుతుంది. వెల్లుల్లి అయిదు రెబ్బలు, పచ్చిమిర్చి ఆరేడు రోట్లో కచ్చాపచ్చాగా దంచి, రెండు టేబుల్‌స్పూన్ల నూనెలో పది సెకన్లు వేయించి, మాంసం వేసి రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత విడగొట్టాలి. ఫిష్ సాస్ రెండు టీస్పూన్లు, ఆయిస్టర్ సాస్ రెండు, డార్క్ సోయా అర, చక్కెర అర టీస్పూన్. ఉప్పు వేయనే వద్దు, సాసుల్లో ఉన్నదే ఎక్కువ. మంట ఆపి, గుప్పెడు తులసాకులు వేసి నాలుగుసార్లు తిప్పితే వాడిపోతాయి. మంట మీదే వేస్తే వాసన ఆవిరైపోయి నల్లటి ఆకులు మిగులుతాయి. మన కృష్ణతులసికి లవంగం ఘాటు ఎక్కువ కాబట్టి థాయ్ కొలతలో సగమే వాడండి. తులసిని వంటలో వేయడం మనసొప్పని ఇళ్లలో సబ్జా మొక్క ఆకులు వేసుకోవచ్చు. అది థాయ్ వాళ్లు హోరాఫా అనే రకానికి దగ్గర, సోంపు వాసన వస్తుంది. కప్రావ్ రుచి అయితే కాదు, కానీ హోరాఫాతో చేసే వేపుడు కూడా అక్కడ మామూలే. వేడన్నం మీద వేసి, అంచులు కరకరలాడేలా వేయించిన గుడ్డు పైన పెడితే పూర్తి భోజనం.

అండర్‌కట్ దొరికిన రోజు కంబోడియా లోక్ లాక్, లేదా దాని వియత్నాం చుట్టం బో లుక్ లక్ చేయండి. రెండు సెంటీమీటర్ల ఘనాలు 400 గ్రాములకు ఆయిస్టర్ సాస్, సోయా టేబుల్‌స్పూన్ చొప్పున, చక్కెర టీస్పూన్, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, మిరియాల పొడి అర టీస్పూన్, మొక్కజొన్న పిండి టీస్పూన్ పట్టించి అరగంట. రెండు వాయిలుగా, ముందు నిమిషం కదపకుండా, తర్వాత మూకుడు కుదుపుతూ ఇంకో నిమిషంన్నర. వెల్లుల్లి ముక్కలు మాంసానికి అంటుకుని మాడి చేదొస్తే, తర్వాతిసారి వాటిని తుడిచేసి వేయండి. లెట్యూస్, టమాటా, ఉల్లి చక్రాల మీద పోసి, పక్కన ముంచుకోవడానికి మిరియాల పొడి టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్, నిమ్మరసం రెండు టేబుల్‌స్పూన్లు. కంబోడియాలో ఇందుకు కంపోట్ మిరియాలు వాడతారు. ఆ పేరుకు 2016లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మన అరకు మిరియాలు అప్పటికప్పుడు దంచి వేస్తే ఏ లోటూ ఉండదు. పాత పొడి డబ్బాలోంచి వేస్తే మాత్రం ఈ వంట సగం పోయినట్టే.

పసందాలో మిగిలిన పట్టీలుంటే సోడా పెట్టి కడిగి, ఆయిస్టర్ సాస్, క్యాప్సికం, ఉల్లికాడలతో తిప్పేయండి. వారం మధ్యలో రాత్రి భోజనానికి అది చాలు.

దొరకని సరుకుల బదులు

తీపి సోయా సాస్, అంటే ఇండోనేసియా కెచప్ మానిస్, ఇంట్లో చేసుకోవడం సులువు. మామూలు సోయా సాస్ అరకప్పు, తాటిబెల్లం అరకప్పు సన్న సెగ మీద ఆరేడు నిమిషాలు మరిగిస్తే చెంచా వెనక పట్టే పాకం వస్తుంది. చెరకుబెల్లం కన్నా తాటిబెల్లం నయం, అక్కడా తాటి, కొబ్బరి జాతి చెట్ల బెల్లమే వాడతారు. మక్రూట్ నిమ్మాకు లేకపోతే లేత దబ్బాకు సన్నగా చీరి వేయండి. మజ్జిగలో వేసుకునే అదే ఆకు, వాసన దగ్గరగానే ఉంటుంది. గాలంగల్ బదులు అల్లం వేస్తే వంట పాడవదు గానీ ఆ కర్పూరపు ఘాటు రాదు. అల్లానికి నాలుగు మిరియాలు జోడించడం కొంత నయం. ఫిష్ సాస్‌కు సరైన బదులు లేదు. సోయా సాస్‌లో వేయించిన ఎండురొయ్యల పొడి చిటికెడు కలిపితే ఉప్పదనం కాస్త దారిలో పడుతుంది. బీఫ్ తినని ఇళ్లలో సాతే మసాలాలన్నీ చికెన్ తొడ ముక్కలకూ, లేత మేకమాంసానికీ నప్పుతాయి. జావా పక్కనున్న మదురా ద్వీపం సాతే ఎక్కువగా చేసేది ఆ రెండింటితోనే.

పచ్చిమాంసం నానిన మసాలాను కాలిన ముక్కల మీద పోయకండి, ముంచుకునే సాస్‌గానూ పెట్టకండి. పారబోయడం ఇష్టం లేకపోతే అయిదు నిమిషాలు తెర్లనిచ్చి వాడండి.

ఎంతమందికి?

ఇద్దరు ముగ్గురికైతే వేపుడే. తరగడంతో సహా అరగంటలో అయిపోతుంది. సాతే పెట్టడానికి బొగ్గు రాజుకునేసరికే ఆ అరగంట గడుస్తుంది. పదిమందికైతే లెక్క తిరగబడుతుంది. కిలోన్నర మాంసం వేపుడంటే ఆరేడు వాయిలు, చివరి వాయి దిగేసరికి మొదటిది చల్లారి గట్టిపడుతుంది. అదే కిలోన్నరకు పుల్లకు 75 గ్రాముల చొప్పున 20 సాతేలు వస్తాయి, ఇటుకల పొయ్యి మీద పదేసి చొప్పున రెండు వాయిలు, పావుగంట. బొప్పాయి కలపని ముక్కలైతే గుచ్చడం పొద్దున్నే ముగించి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, కాల్చే 20 నిమిషాల ముందు బయటికి తీయాలి. మిగిలితే పుల్లలు లాగేసి డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులుంటాయి. సన్నగా చీరి, గుడ్డు కొట్టి అన్నంతో వేయించేటప్పుడు చివర నిమిషంలో వేయండి, ముందే వేస్తే మళ్లీ రబ్బరవుతాయి.